ఆరింటికి మూతపడిన నగరం

శుక్రవారం సాయంత్రం నాలుగు దాటిందంటే మెల్‌బోర్న్ నడిబొడ్డున పబ్బుల గుమ్మాల ముందుకి నల్లబల్లలు వచ్చేస్తాయి. సుద్దముక్కతో పెద్ద అక్షరాలు: నాలుగు నుంచి ఆరు వరకు బీరు పైంట్ 9 డాలర్లు, ఆయిస్టర్ ఒక్కోటి 2 డాలర్లు. అదే పైంట్ ఆరుంపావుకి అడిగితే 14 అంటారు. ఈ ఊరొచ్చిన కొత్తలో ఆ బల్లలు ఒక్కొక్కటే చదువుకుంటూ ఫ్లిండర్స్ స్ట్రీట్ స్టేషన్ దాకా నడవడం నాకు భలే ఇష్టంగా ఉండేది. అప్పుడే ఒక సందేహం పట్టుకుంది. ఊరంతా ఒకే మాటమీద ఉన్నట్టు, తగ్గింపు ఎందుకు సరిగ్గా ఈ గంటకే?

సందేహం సంగతి తర్వాత. ముందు, మెల్‌బోర్న్‌లో పిల్లల దగ్గరికి వచ్చే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామంది కాబట్టి, పనికొచ్చే మాటలు చెప్తాను. ఇవి మా ఆఫీసు పక్క పబ్బులో పనిచేసే ఒంగోలు అబ్బాయి నాకు నేర్పినవి. పగలు మాస్టర్స్ చదువు, సాయంత్రం బార్ వెనక ఉద్యోగం.

"అక్కా, హ్యాపీ అవర్ అని బోర్డు కనిపించగానే కూర్చోవద్దు. ఏయే ట్యాపులకి వర్తిస్తుందో అడగండి. చాలాచోట్ల హౌస్ బీరు, హౌస్ వైన్, అంతే. పాట్ అంటే 285 మిల్లీలీటర్లు, పైంట్ దానికి సరిగ్గా రెండింతలు, జగ్ దానికి మళ్లీ రెండింతలు. పాట్ ధరని నాలుగుతో హెచ్చవేసి జగ్ ధర పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది. నలుగురొస్తే జగ్గే చెప్పండి." అడిలైడ్ వెళ్తే మాత్రం ఈ లెక్క తప్పుతుంది, అక్కడ పైంట్ అంటే 425 మిల్లీలీటర్లే. ఆదివారాలూ, పబ్లిక్ హాలిడేలూ చాలాచోట్ల బిల్లు మీద సర్‌ఛార్జీ పడుతుంది కాబట్టి ఆ రోజుల్లో బోర్డు మీది ధరని నమ్ముకోకూడదు. ఊరి మధ్యలో కంటే శివారు పబ్బుల్లో వారానికో రోజు పెట్టే భోజనాల రాత్రులు మేలు: సోమవారమో మంగళవారమో స్టేక్, బుధవారమో గురువారమో పార్మా. పార్మా అంటే రొట్టెపొడిలో దొర్లించి వేయించిన చికెన్ మీద టమాటా సాసు, చీజు వేసి కాల్చినది. పక్కన చిప్స్, సలాడ్. ఒక ప్లేటు ఇద్దరు పెద్దవాళ్లకి ధారాళంగా సరిపోతుంది. తాగనివాళ్లు మొహమాటపడక్కర్లేదు. విక్టోరియాలో లైసెన్సున్న ప్రతిచోటా మంచినీళ్లు ఉచితంగా ఇచ్చి తీరాలి. లెమన్ లైమ్ అండ్ బిట్టర్స్ చెప్పుకుని గంటసేపు కూర్చున్నా ఎవరూ ఏమనరు.

ఇక నా సందేహం. దానికి జవాబు గోడల మీద దొరికింది. పాత పబ్బుల బయటి గోడలకి నడుం ఎత్తు దాకా, కొన్నిచోట్ల భుజాల ఎత్తు దాకా, మెరిసే పలకలు ఉంటాయి. ముదురాకుపచ్చ, గోధుమ, మీగడ రంగులు. కొన్ని పబ్బుల లోపల కూడా అవే. అందంకోసమే అనుకున్నాను. మా ఆఫీసులో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒకాయన వాటి మీద చెయ్యి వేసి చెప్పాడు: "రోజూ పైపు పెట్టి కడగడానికి ఇవి వీలు. మా నాన్న కాలంలో ఇక్కడ కడగాల్సింది చాలా ఉండేది."

1916 నుంచి 1966 దాకా, యాభై ఏళ్లపాటు, విక్టోరియా రాష్ట్రంలో పబ్బులు సాయంత్రం ఆరింటికి మూసేయాలి. ఆఫీసులూ ఫ్యాక్టరీలూ వదిలేది అయిదింటికి. మధ్యలో మిగిలింది ఒకే ఒక్క గంట. ఆ గంటలో తాగగలిగినంత తాగేసి ఇంటికి పోవాలి. మన దగ్గర పెద్ద హీరో సినిమా మొదటి రోజు టికెట్ల కిటికీ ముందు ఎలా ఉండేదో, బార్ ముందు అలా ఉండేదట. బిలియర్డ్స్ బల్లలు తీసేశారు, కుర్చీలు తీసేశారు, నిలబడటానికి చోటు కావాలి కదా. గ్లాసు కౌంటరు మీదకి వచ్చే తీరికైనా లేకుండా, రబ్బరు గొట్టానికి తుపాకీ లాంటి మూతి బిగించి, చాచిన గ్లాసుల్లోకి నేరుగా బీరు కొట్టేవారు. దానికి తోడు ఇక్కడ షౌట్ అనే ఆచారం ఉంది: ఒకరు గుంపంతటికీ కొంటారు, తర్వాతి వంతు ఇంకొకరిది. ఆరుగురు కలిసి వెళ్తే మనిషికి ఆరు గ్లాసులు, గంటలో. వంతు ఎగ్గొట్టడం పెద్ద మర్యాద తక్కువ. ఖాళీ కడుపులో అంత పోసుకుంటే ఏమవుతుందో, దాన్ని కడగడానికే ఆ పలకలు. సిక్స్ ఓ క్లాక్ స్విల్ అని దానికి పేరు.

నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియాలో జాన్ బ్రాక్ వేసిన రెండు చిత్రాలున్నాయి. ఒకటి 1955 నాటిది, పేరు కాలిన్స్ స్ట్రీట్, 5 పి.ఎం. ఆఫీసు వదిలిన జనం ఒకే దిక్కుకి నడుస్తుంటారు, ఎవరూ ఎవరినీ చూడరు. రెండోది దానికంటే ఏడాది ముందుది, ది బార్. ఎదురుగా బార్‌మెయిడ్ నిలబడి ఉంటుంది, ఆమె వెనక అద్దంలో తాగేవాళ్లందరూ కనిపిస్తారు. ఫ్రెంచి చిత్రకారుడు మానే వేసిన పారిస్ బార్ చిత్రాన్ని మనసులో పెట్టుకుని వేశాడు. మానే బొమ్మలో దీపాలూ పూలూ ఉంటాయి, ఇక్కడంతా మట్టిరంగు. నాకు ఈ రెండూ ఒకే కథలో రెండు భాగాల్లా అనిపిస్తాయి. అయిదింటికి నడిచినవాళ్లే అయిదుంపావుకి అద్దంలో చేరారు. అందులో ఒక్కడి ముఖంలోనైనా సంతోషం ఉందేమోనని నేను చాలాసేపు వెతికాను.

ఈ ఆరు గంటల చట్టం ఎవరు తెచ్చారని చదువుతూ పోతే నాకు మా నెల్లూరు జిల్లా ఎదురైంది.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడి ఆడవాళ్లు విమెన్స్ క్రిస్టియన్ టెంపరెన్స్ యూనియన్ అనే సంఘం పెట్టుకున్నారు. వాళ్ల మొర మనం విన్నదే: వారం కూలీ ఇంటికి చేరకముందే పబ్బులో కరిగిపోతోంది. దాన్ని ఆపాలంటే చట్టం కావాలి, చట్టం కావాలంటే ఓటు కావాలి. 1891లో ఆడవాళ్లకి ఓటు ఇవ్వమని విక్టోరియా పార్లమెంటుకి ఒక అర్జీ పెట్టారు. మేరీ కర్క్ లాంటి మద్యనిషేధ కార్యకర్తలూ ఇతర సంఘాలవాళ్లూ ఇల్లిల్లూ తిరిగి సుమారు 30,000 సంతకాలు పోగుచేశారు. తర్వాతి కాలంలో ఓటు ఉద్యమానికి పెద్ద నాయకురాలైన వైడా గోల్డ్‌స్టీన్ వాళ్ల అమ్మతో కలిసి తలుపులు తట్టింది ఆ అర్జీకోసమే. కాగితాలన్నీ గుడ్డకి అతికించి చుట్ట చుట్టారు. పొడవు 260 మీటర్లు. ఇప్పటికీ భద్రంగా ఉంది.

సారా మీద మా జిల్లా ఆడవాళ్లు తిరగబడ్డ దూబగుంట మాకు దూరమేం కాదు. 1992లో మా అమ్మ పక్క ఊళ్లో రాత్రి బడికి పాఠం చెప్పడానికి వెళ్లేది. అక్షరదీపం వాచకంలో సారాకి బలైన సంసారం కథ వచ్చినప్పుడు క్లాసులో ఎవరూ పలకమీద రాయలేదని, చాలాసేపు అలాగే కూర్చున్నారని ఇప్పటికీ చెబుతుంది. తర్వాత జరిగింది మీ అందరికీ తెలుసు. వర్ధినేని రోశమ్మ, చీపుళ్లు, కారప్పొడి, ఆగిపోయిన సారా వేలంపాటలు, 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం. నేను ఈ రెండు కథలనీ పక్కపక్కన పెట్టుకుని చూడటం మానలేకపోతున్నాను. అక్కడ ముందు అక్షరం వచ్చింది, అక్షరంతో కోపం వచ్చింది. ఇక్కడ ముందు కోపం వచ్చింది, కోపంతో సంతకం వచ్చింది. మనవాళ్లకి ఓటు అప్పటికే ఉంది కాబట్టి ప్రభుత్వం రెండేళ్లలో దిగొచ్చింది. వీళ్లకి లేదు కాబట్టి విక్టోరియాలో 1908 దాకా ఓటుకే పోరాడాల్సి వచ్చింది. మనది రెండేళ్లు దాటగానే ఖజానా పేరు చెప్పి ఎత్తేశారు. వీళ్లది యాభై ఏళ్లు నిలిచింది.

కానీ నిలిచింది వాళ్లు అసలు కోరుకున్నది కాదు. ఇక్కడే నాకు బాధ. వాళ్ల అసలు కోరిక దుకాణమే మూతపడాలని. వచ్చింది దుకాణం ఉంచి, గంటలు మాత్రం కోసే చట్టం. అదీ మొదటి ప్రపంచ యుద్ధం పుణ్యమా అని. 1915లో అయిదో జార్జి రాజు యుద్ధం ముగిసేదాకా మందు ముట్టనని ప్రకటించాడు. సౌత్ ఆస్ట్రేలియా అదే ఏడాది ఓటేసి ఆరు గంటలకి ఒప్పుకుంది. 1916 ఫిబ్రవరిలో సిడ్నీ దగ్గర శిక్షణలో ఉన్న వేలమంది సైనికులు డ్రిల్లు గంటలు పెంచారని తిరగబడి, అక్కడి లివర్‌పూల్ అనే ఊరి పబ్బుల మీద పడి తాగి, రైళ్లెక్కి నగరానికి వచ్చి రభస చేశారు. సెంట్రల్ స్టేషన్‌లో ఒక సైనికుడు తూటాకి చనిపోయాడు. నాలుగు నెలల్లో న్యూ సౌత్ వేల్స్ కూడా ఆరు గంటలకి ఓటేసింది. విక్టోరియాలో యుద్ధకాలపు తాత్కాలిక ఏర్పాటుగా వచ్చినది 1919లో శాశ్వతమైపోయింది.

మొగుడు ఏడింటికల్లా ఇంటికి చేరతాడన్నది ఆడవాళ్ల ఆశ. చేరేవాడు, కానీ ఎలా చేరేవాడో ఆలోచించండి. వాళ్లని మాత్రం ఆ పబ్లిక్ బార్‌లోకి అడుగు పెట్టనివ్వలేదు. ఆడవాళ్ల కోసం పక్కన లేడీస్ లాంజ్, ధర ఎక్కువ. 1965లో బ్రిస్బేన్‌లోని రెగట్టా హోటల్లో మెర్ల్ థోర్న్‌టన్, రొసాలీ బోగ్నర్ అనే ఇద్దరు తమను తాము గొలుసుతో బార్‌కి కట్టేసుకుని, ఇక్కడే తాగుతామని కూర్చున్నారు. ఈ దేశపు ఆదివాసులకైతే చాలా రాష్ట్రాల్లో మందు అమ్మడమే నేరంగా ఉండేది, 1960ల దాకా. పబ్బు తలుపు ఎవరికి తెరుచుకుంటుందన్నది ఇక్కడ పౌరసత్వానికి కొలతగా ఉండేది.

1956లో మెల్‌బోర్న్‌లో ఒలింపిక్స్. లోకమంతా వస్తోంది, రాత్రి పదింటిదాకా తెరుద్దామా అని ఆ ఏడాది ప్రజల్ని అడిగారు. వద్దన్నారు! ఇంకో పదేళ్లకి, 1966 ఫిబ్రవరిలో, ఆ చట్టం పోయింది. అదే ఏడాది డ్రైవర్ల రక్తంలో మద్యం 0.05 శాతం మించకూడదన్న నిబంధన వచ్చింది. పదేళ్లకి రోడ్డుమీద ఎవరినైనా ఆపి ఊపిరి పరీక్ష చేసే పద్ధతి కూడా ఈ రాష్ట్రమే మొదలుపెట్టింది. తొందరని తీసేసి బాధ్యతని పెట్టారు, ఇది నాకు గొప్పగా తోస్తుంది. 1980ల్లో జాన్ న్యూవెన్‌హైజెన్ అనే ఆర్థికవేత్త ఇచ్చిన నివేదికతో చిన్న చిన్న బార్లకి కూడా లైసెన్సులు సులువయ్యాయి. ఇవాళ పర్యాటకులు ఫోటోలు తీసుకునే సందుల్లోని బార్లన్నీ దాని ఫలితమే.

అయిదు నుంచి ఆరు దాకా ఉన్న ఆ గంట అలా మళ్లీ ఖాళీ అయింది. ఇప్పుడు తాగేవాళ్లకి తొందర లేదు. తొందర యజమానిది: రాత్రి భోజనాల రద్దీకి ముందు బల్లలు ఖాళీగా ఉంటాయి, సిబ్బంది జీతం మాత్రం నడుస్తుంటుంది. పైగా బీరు మీద కేంద్రం వేసే సుంకం 1983 నుంచి ధరల సూచీతో పాటు ఏటా ఫిబ్రవరిలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి పెరుగుతూ వచ్చింది. డ్రాఫ్ట్ బీరు మీద ఆ పెరుగుదలని 2025 ఆగస్టు నుంచి రెండేళ్లపాటు ఆపారు. ఈ లెక్కల మధ్య జనాన్ని తొందరగా రప్పించుకోవడానికే ఆ నల్లబల్ల.

ఆ వేళకి నాకు నెల్లూరు ట్రంకు రోడ్డు గుర్తొస్తుంది. బజ్జీల బండి దగ్గర, టీకొట్టు దగ్గర గుంపులు గుంపులుగా మగవాళ్లే నిలబడి ఉండేవారు. మేం కొనుక్కుని పొట్లం ఇంటికి తెచ్చుకునేవాళ్లం. ఇక్కడ నాతో పనిచేసే ఆడవాళ్లు బ్యాగు కుర్చీకి తగిలించి, కాళ్లు చాపుకుని, గంటసేపు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా కూర్చుంటారు. మా జిల్లా ఆడవాళ్లకి అలాంటి ఒక గంట, టీతోనైనా సరే, ఊరి మధ్యలో దొరకాలని నాకు గట్టిగా ఉంటుంది.

పోయిన చలికాలం అమ్మ వచ్చినప్పుడు శివారు పబ్బుకి పార్మా రాత్రి తీసుకెళ్లాను. ముసలివాళ్లు, రంగు పెన్సిళ్లతో పిల్లలు, ఇంటిల్లిపాదీ వచ్చిన బల్లలు చూసి తేలికపడింది. చేతులు కడుక్కోవడానికి వెళ్లి చాలాసేపటికి వచ్చింది. వెనక గదిలో చీకట్లో మనుషులు మెరిసే పెట్టెల ముందు ఒక్కొక్కరే కూర్చుని మీటలు నొక్కుతున్నారు, ఏమిటవి అని అడిగింది. పోకీలు, జూదం యంత్రాలు. 1992 నుంచి ఈ రాష్ట్రంలో పబ్బుల్లోకీ క్లబ్బుల్లోకీ వచ్చాయి. వాటిలో జనం పోగొట్టుకునేది ఏటా 250 కోట్ల డాలర్ల పైమాటే. ప్లేటు పార్మా అంత చవగ్గా ఇవ్వగలగడానికి చాలాచోట్ల ఆ గదే కారణం. "మరి సంతకాలు పెట్టిన ఆడవాళ్ల మనవరాళ్లేం చేస్తున్నారు?" అంది అమ్మ. చేస్తున్నారు, పోకీల మీద పరిమితులు పెట్టించడానికి ఏళ్ల తరబడి పోరాడుతున్నారు. వెస్టర్న్ ఆస్ట్రేలియా పబ్బుల్లో అసలు అవి లేవు కూడా. కాబట్టి చవక బేరాలు వెతికేవాళ్లకి ఒంగోలు అబ్బాయి చెప్పనిది ఒకటి నేను చెప్తాను. ధర చూసే ముందు వెనక గది చూడండి. పోకీలు లేని పబ్బులో పార్మాకి అయిదారు డాలర్లు ఎక్కువైనా మేం అక్కడే తింటాం.