ఆగస్టు 24: సూరత్‌లో నర్మద్ రోజు

గుజరాతీలు ఏటా ఆగస్టు 24న ‘విశ్వ గుజరాతీ భాషా దివస్’ జరుపుకుంటారు. అది కవి నర్మద్ పుట్టినరోజు. మరో అయిదు రోజులకే, గిడుగు రామమూర్తి జయంతి నాడు, మన తెలుగు భాషా దినోత్సవం. రెండు భాషలూ తమ పండుగకు పండితుల భాషతో తృప్తిపడని మనుషుల పుట్టినరోజులనే ఎంచుకున్నాయి.

నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే 1833లో సూరత్‌లో పుట్టారు. ఆమ్లీరాన్‌లో ఆయన నివసించిన ‘సరస్వతీ మందిర్’ ఇప్పుడు స్మారక భవనం. ఊళ్లోని విశ్వవిద్యాలయం పేరు 2004 నుంచి వీర్ నర్మద్ దక్షిణ గుజరాత్ విశ్వవిద్యాలయం. నగర కేంద్ర గ్రంథాలయానికీ ఆయన పేరే. గుజరాత్ రాష్ట్ర గీతం ఆయన రాసిందే. ఇంతగా ఒక కవి పేరు మోస్తున్న వ్యాపార నగరాలు దేశంలో ఎక్కువ లేవు.

‘వీర్’ అన్న బిరుదు ఊరికే రాలేదు. 1858లో ఉపాధ్యాయ ఉద్యోగం వదిలేసి, ఇక కలాన్ని నమ్ముకునే బతుకుతానని ప్రతిజ్ఞ చేశారు. 1860లో వితంతు వివాహంపై వైష్ణవ మఠాధిపతి జదునాథ్‌జీ మహారాజ్‌తో బహిరంగంగా వాదానికి దిగారు. 1864లో ‘దాండియో’ పత్రిక పెట్టి మూఢాచారాలను దుయ్యబట్టారు. 1869లో స్వయంగా ఒక వితంతువును పెళ్లాడారు. మన కందుకూరి రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో.

అయితే ఆయన శ్రమలో అన్నిటికన్నా బరువైనది ‘నర్మకోశ్’. గుజరాతీ మాటలకు గుజరాతీలోనే అర్థం చెప్పిన తొలి సమగ్ర నిఘంటువు ఇది. సుమారు 25 వేల పదాలను ఏళ్ల తరబడి ఒంటిచేత్తో కూర్చి, 1873లో పూర్తిగా అచ్చు వేయించారు. బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరం’ వచ్చింది 1885లో. సంస్థానం అండ, ప్రభుత్వ జీతం లేకుండా నిఘంటువు వేయడమంటే అప్పుల్లో దిగడమే. ఆయనకూ అదే జరిగింది.

జయంతి ప్రసంగాలకు అంత సులువుగా లొంగని కథ ఇక్కడ మొదలవుతుంది. ఇరవై నాలుగేళ్లు నిలబెట్టుకున్న ప్రతిజ్ఞను 1882లో వదులుకుని, ముంబయిలో ఒక ధర్మసంస్థలో ఉద్యోగానికి చేరారు. అప్పటికే ఆలోచనలూ మారాయి. తాను నడిపిన సంస్కరణోద్యమాన్నే తప్పుబట్టి, సంప్రదాయం వైపు మళ్లి, 1885లో ‘ధర్మవిచార్’ తెచ్చారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, 52 ఏళ్లకే చనిపోయారు. ‘వీర్’ అన్న ఒక్క మాటలో ఈ చివరి అంకం ఇమడదు. నిజానికి గడ్డకట్టిన పూలదండల కన్నా ఆ తడబాటే ఆయన్ని మనకు దగ్గర చేస్తుంది.

ఈ నగరంలో మనవాళ్లూ తక్కువేం కాదు. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ ప్రాంతంలో తరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ బడులు కూడా నడిపింది. అక్కడి తెలుగు పిల్లలకు ఆగస్టు చివరి వారంలో రెండు భాషా పండుగలు.

తన బలహీనతలను నర్మద్ దాచుకోలేదు. 1866లోనే ‘మారీ హకీకత్’ పేరుతో ఆత్మకథ రాసుకున్నారు. సన్నిహితుల కోసం కొన్ని ప్రతులు మాత్రమే అచ్చు వేయించారు. అది పాఠకుల చేతికి పుస్తకంగా వచ్చింది 1933లో, శతజయంతి ఏడాదిలో.