జీవభౌతిక శాస్త్రంలో యువ శాస్త్రవేత్తల పురస్కారాలు

ప్రాణుల్లో జరిగే పనులను భౌతిక శాస్త్ర పద్ధతులతో కొలిచి వివరించేది జీవభౌతిక శాస్త్రం. పీహెచ్‌డీ ముగించి సొంత ప్రయోగశాల నిలబెట్టుకుంటున్న దశలోని పరిశోధకులకు ఈ రంగంలో ప్రత్యేక పురస్కారాలు ఉన్నాయి. జీవిత సాఫల్య పురస్కారాలు పూర్తయిన కృషిని గౌరవిస్తే, ఇవి జరుగుతున్న కృషికి ఊతమిస్తాయి. ఈ రంగంలోని పరిశోధకులు కొందరు భౌతిక శాస్త్ర విభాగాల్లోనూ, మరికొందరు జీవశాస్త్ర, రసాయన శాస్త్ర విభాగాల్లోనూ పనిచేస్తుంటారు. అందుకే తమ రంగం పేరుతోనే దక్కే గుర్తింపు వారికి ఎంతో విలువైనది.

డేహాఫ్ పురస్కారం

అమెరికాలోని బయోఫిజికల్ సొసైటీ ఇచ్చే మార్గరెట్ ఓక్లీ డేహాఫ్ పురస్కారం వీటిలో ప్రసిద్ధమైనది. ఎంతో ప్రతిభ కనబరుస్తూ, ఇంకా పెద్ద హోదా అందుకోని మహిళా శాస్త్రవేత్తల కోసం దీన్ని నెలకొల్పారు. మార్గరెట్ డేహాఫ్ (1925–1983) కొలంబియా విశ్వవిద్యాలయంలో క్వాంటం రసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ చేశారు. అణువుల శక్తిని లెక్కించడానికి ఆ రోజుల్లోనే పంచ్ కార్డు యంత్రాలను వాడారు. ఇద్దరు కూతుళ్ల పెంపకం కోసం కొన్నేళ్లు పరిశోధనకు దూరమై, మళ్లీ తిరిగి వచ్చారు. ఆమె ప్రధాన కృషి అంతా ఆ తరువాతిదే.

1965లో సహచరులతో కలిసి 65 ప్రొటీన్ల అమైనో ఆమ్ల వరుసలను ఒకే పుస్తకంగా ప్రచురించారు. నేటి ప్రొటీన్ సమాచార నిధులకు అదే మూలం. ఒక్కో అమైనో ఆమ్లాన్ని ఒక్కో అక్షరంతో సూచించే పద్ధతి రూపొందించిన ఘనతా ఆమెదే. పరిణామ క్రమంలో ఒక అమైనో ఆమ్లం స్థానంలోకి మరొకటి ఎంత తరచుగా వస్తుందో లెక్కగట్టే పామ్ పట్టికలు 1978లో వెలువడ్డాయి. ఆమె బయోఫిజికల్ సొసైటీకి కార్యదర్శిగానూ, అధ్యక్షురాలిగానూ పనిచేశారు. 1996లో ఈ పురస్కారం అందుకున్న సుసాన్ మార్కుసీ, ప్రొటీన్లు ఎలా ముడుచుకుంటాయన్న అంశంపై బర్క్లీలో విశేష కృషి చేశారు.

బరానీ పురస్కారం

ఇదే సొసైటీ మైకేల్, కేట్ బరానీ దంపతుల పేరిట యువ పరిశోధకులకు మరో పురస్కారం ఇస్తుంది. ప్రతిపాదన నాటికి పూర్తిస్థాయి ప్రొఫెసర్ కానివారే దీనికి అర్హులు. హంగరీలో పుట్టిన మైకేల్ బరానీ కండరాల రసాయన శాస్త్రంలో నిపుణుడు. మయోసిన్ అనే ప్రొటీన్, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువును ఎంత వేగంగా విడగొడితే కండరం అంత వేగంగా కుంచించుకుంటుందని ఆయన 1967లో చూపారు.

అంతర్జాతీయ పురస్కారాలు

1922లో ఏర్పడిన అంతర్జాతీయ శుద్ధ, అనువర్తిత భౌతిక శాస్త్ర సమాఖ్య తన జీవభౌతిక విభాగం తరఫున యువ శాస్త్రవేత్తలకు బహుమతి ఇస్తుంది. పీహెచ్‌డీ తరువాత పరిశోధనానుభవం 8 ఏళ్లు మించకూడదన్నది నియమం. అయితే మధ్యలో వచ్చిన విరామాలను ఆ లెక్క నుంచి మినహాయిస్తారు. ఐరోపా జీవభౌతిక సంఘాల సమాఖ్య కూడా యువ పరిశోధకులకు పతకం ఇస్తోంది.

భారతదేశంలో

మన దేశంలో యువ శాస్త్రవేత్తల పురస్కారాలకు ఎక్కువగా వయసే కొలమానం. 45 ఏళ్ల లోపు వారికిచ్చే శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతిలో జీవభౌతిక శాస్త్రానికి విడిగా విభాగం లేదు. జి.ఎన్. రామచంద్రన్‌కు 1961లో అది భౌతిక శాస్త్రంలో దక్కింది. ప్రొటీన్ గొలుసు ఏయే కోణాల్లో వంగగలదో చెప్పే రామచంద్రన్ పటం ఆ తరువాత రెండేళ్లకు, 1963లో వెలువడింది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో ఎక్స్‌రే స్ఫటిక శాస్త్రంతో ప్రొటీన్ల నిర్మాణాన్ని శోధించే రాజన్ శంకరనారాయణన్‌కు 2011లో జీవశాస్త్ర విభాగంలో ఈ బహుమతి లభించింది. 2024 నుంచి ఇది ‘విజ్ఞాన్ యువ’ పేరుతో రాష్ట్రీయ విజ్ఞాన్ పురస్కారాల్లో భాగమైంది.

అర్హత లెక్కలు

పుట్టిన తేదీని బట్టి గీసే గీత, ఆలస్యంగా చదువు మొదలుపెట్టినవారిని, ప్రసవం, పిల్లల పెంపకం, అనారోగ్యం వల్ల కొంతకాలం ఆగినవారిని పక్కకు నెట్టేస్తుంది. పీహెచ్‌డీ నుంచి లెక్కించి, విరామాలను మినహాయించే పద్ధతిలో ఆ నష్టం తక్కువ. ప్రతిభను వెతికే పురస్కారాలకు ఈ పద్ధతే న్యాయమైనది.