ఓడ దిగిన పేర్లు

దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో మేముండే చాట్స్‌వర్త్‌లో, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల ఒక గేటుకు ఇత్తడి రేకు బిగించి ఉంటుంది. దాని మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఒక్క మాట: అప్పల్‌సామి. ఈ ఊరొచ్చిన కొత్తలో ఒక సాయంత్రం పాల ప్యాకెట్టు చేత్తో పట్టుకుని ఆ గేటు ముందు అలాగే నిలబడిపోయాను. మాది మార్కాపురం. మా వైపు చెన్నకేశవులుంటారు, రంగయ్యలుంటారు, కాశిరెడ్లుంటారు. అప్పలస్వాములు ఉండరు. అప్పల అన్న మాట చెవిన పడితే అది సింహాచలం అప్పన్న పేరని, ఆ మనిషి మూలం విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపని ఎవరైనా ఇట్టే చెప్పేస్తారు. హిందూ మహాసముద్రానికి ఈ ఒడ్డున ఆ పేరు ఎవరిదా అనుకున్నాను.

నన్ను చూసి లోపలి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఇక్కడ మనవాళ్ళలో పెద్దవాళ్ళందరినీ ఆంటీ, అంకుల్ అనే పిలుస్తారు. "మీరు తెలుగువాళ్ళా ఆంటీ?" అని ఇంగ్లీషులో అడిగాను. "తెలుగువాళ్ళమే, మాట్లాడటమే రాదు" అంది. తాత, అమ్మమ్మ, పప్పు, చారు, ఒక రామభజన పల్లవి, ఇంతే ఆవిడకు మిగిలిన తెలుగు. అప్పల్‌సామి అంటే మీ పూర్వీకుల ఊళ్ళ దేవుడి పేరని, ఆయన కొండ మీద ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడని, అక్షయ తృతీయనాడు ఒక్కరోజే నిజరూపంలో కనబడతాడని చెప్పాను. ఆవిడ గేటు పట్టుకుని వింటూ ఉండిపోయింది. డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. ఇన్నేళ్ళూ అది సంతకంలో వచ్చే మాట మాత్రమే అనుకుందట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచే ఇక్కడి మనవాళ్ళ పేర్ల వెంట పడ్డాను.

1860 అక్టోబరులో మద్రాసు రేవులో బయల్దేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న నేటాల్ సీమలోని డర్బన్ చేరింది. అందులో 342 మంది. చెరుకు తోటల్లో కొన్నేళ్ళ పనికి ఒప్పందం, మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు. ఒప్పందాన్ని మనవాళ్ళు గిర్మిట్ అన్నారు. అప్పటి నుంచి 1911 దాకా 1,52,184 మంది ఇలా దిగారు. మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి వచ్చినవాళ్ళే, తమిళులూ తెలుగువాళ్ళూ. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి ఓడ పుస్తకంలో ఎక్కించారు. ఆ పుస్తకాలు ఇప్పటికీ డర్బన్‌లో భద్రంగా ఉన్నాయి.

ఆంటీ వాళ్ళు ఆ పుస్తకంలో తమ ముత్తాత ఉన్న వరుసకు నకలు తీయించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి బీరువాలో దాచుకున్నారు. దాన్ని నా చేతిలో పెట్టింది. నంబరు. పేరు. తండ్రి పేరు. వయసు. ఎత్తు. కులం. జిల్లా. తాలూకా. ఊరు. చివరి గడిలో ఒంటి మీద గుర్తులు: ఎడమ మోకాలి కింద మచ్చ. మనిషిని ఇంత దగ్గరగా చూసి రాసుకున్న పుస్తకంలో ఒక్క దానికి మాత్రం గడి లేదు. ఇంటిపేరుకు.

రాసే గుమాస్తాకు మన ఇంటిపేరు సంగతి ఏం తెలుసు? మన పద్ధతిలో ఇంటిపేరు ముందుంటుంది, అసలు పేరు వెనక ఉంటుంది. అలా ఎందుకుంటుందో మన వ్యాకరణమే చెబుతుంది. తంగుటూరులోని 'రు' ఇంటిపేరులో 'రి' అయింది. దూపాడులోని 'డు' దూపాటిలో 'టి' అయింది. తంగుటూరి ప్రకాశం అంటే తంగుటూరు యొక్క ప్రకాశం. ఆ చిన్న 'రి'లో, ఆ 'టి'లో ఒక ఊరు, ఆ ఊరు వదిలి వచ్చిన ఒక కుటుంబం దాగి ఉంటాయి. మా ఊరు 2025 దాకా ఉన్న జిల్లాకు పెట్టింది ఆ ప్రకాశంగారి పేరే, తంగుటూరు ఉన్నదీ ఆ జిల్లాలోనే. చిన్నప్పుడు మా తాత నాగూరయ్య మా ఊరి పలక మీద నాతో ముందు ఇంటిపేరు దిద్దించి, తరవాత గానీ పేరు రాయనిచ్చేవాడు కాదు. మా ఇంటిపేరు పొదిలి. పాస్‌పోర్టు పుణ్యమా అని ఇప్పుడు ఆఫీసులో అందరూ నన్ను మిస్టర్ పొదిలి అంటారు. వాళ్ళు పిలిచినప్పుడల్లా నాకు పొదిలి బస్టాండు కళ్ళ ముందు నిలుస్తుంది.

గిర్మిట్ మీద వచ్చినవాళ్ళకు ఆ భాగ్యం లేకపోయింది. వాళ్ళ పిల్లల కాలానికి ఇంగ్లీషువాళ్ళ పద్ధతిలో చివర ఒక ఇంటిపేరు కావలసి వచ్చింది. చాలామందికి తండ్రి పేరునో తాత పేరునో అక్కడ రాసేశారు. ఒకనాటి కూలీ సొంత పేరు అక్కడ గడ్డకట్టి, వంశం మొత్తానికీ ఇంటిపేరైంది. అప్పల్‌సామి, అప్పల్‌రాజు, సింహాద్రి, ఇవన్నీ అలా నిలిచినవే. ఇప్పటి మనవడి పేరు ముందు కెవిన్ అని ఉంటుంది, వెనక అప్పల్‌సామి ఉంటుంది. ఇంకొందరికి గౌరవ పదాలే ఇంటిపేర్లయ్యాయి. మన నాయుడు ఇక్కడ 'నైడూ', గౌండరు 'గోవెండర్', ముదలియారు 'మూడ్లీ', నాయకరు 'నైకర్'. చెవికి వినబడ్డది రాయడమే గుమాస్తా పని. ఆ రాత గుర్తింపు కాగితాల్లో, పెళ్ళి సర్టిఫికెట్లలో, సమాధి రాళ్ళ మీద అలాగే నిలిచిపోయింది. నేటాల్ ఇండియన్ కాంగ్రెసును నడిపిన డాక్టర్ మాంటీ నైకర్ పేరు ఈ దేశ చరిత్రలో ఆ రాతలోనే ఉంది.

ఈ దేశం సొంత మనుషుల పేర్ల కథ వింటే నా మనసు ఇంకా బరువెక్కింది. మండేలాకు తండ్రి పెట్టిన పేరు రొలిహ్లహ్లా. బడిలో చేరిన రోజున టీచరమ్మ నెల్సన్ అని పేరు పెట్టింది. ఆఫ్రికా పిల్లలకు బడిలో ఇంగ్లీషు పేరు పెట్టడం అప్పటి ఆచారం. అయినా దేశమంతా ఆయన్ను మదీబా అనే పిలుచుకుంది. మదీబా అన్నది ఆయన వంశం పేరు, ఎప్పుడో పద్దెనిమిదో శతాబ్దంలో ఏలిన తెంబు తెగ దొర పేరు. వంశం పేరుతో పిలవడం ఇక్కడ గౌరవం. జూలూలలోనూ అంతే. మా ఆఫీసు గేటు దగ్గర ఉండే కాపలా పెద్దాయన ఇంటిపేరు ఖుమాలో. ఒకరోజు ఆయన్ను వాళ్ళ వంశ బిరుదుతో మ్‌న్టుంగ్వా అని పలకరించాను. ఆయన లేచి నిలబడి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. మా వైపు పెద్దవాళ్ళను పేరు పెట్టి పిలవకుండా "ఏం పొదిలోళ్ళ పెద్దాయనా" అనడం గుర్తొచ్చింది. ఎన్ని చట్టాలు చేసి ఎంత తొక్కినా ఇక్కడివాళ్ళు వంశం పేరును నోట్లోంచి జారనివ్వలేదు. దానికి నేను ఈ దేశానికి దణ్ణం పెడతాను.

మనవాళ్ళు ఇంటిపేరు పోగొట్టుకున్నా దేవుణ్ణి పోగొట్టుకోలేదు. 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పెట్టుకుని తెలుగు నేర్చుకున్నారు. ఈ దేశం వాళ్ళను తన జనంలో శాశ్వత భాగంగా ఒప్పుకున్నది 1961లోనే. అప్పటికి వచ్చి నూరేళ్ళు దాటింది. ఆ నూరేళ్ళలో సింహాచలం ఎక్కడుందో మరిచిపోయినా అప్పన్న పేరును మోశారు.

మా పేర్లలోనూ దేవుళ్ళే ఉన్నారు కదా. మార్కాపురం ఇళ్ళల్లో చెన్నకేశవులు, చెన్నమ్మ, చెన్నారెడ్డి. గిద్దలూరు వైపు నెమలిగుండ్ల రంగనాయకస్వామి పేరున రంగయ్యలు, రంగమ్మలు. అవధూత కాశినాయన పేరున కాశయ్యలు. మొక్కు తీరి పుట్టిన బిడ్డలకు మస్తాన్‌రెడ్డి, దస్తగిరి, పీరమ్మ. మా తాత పేరులోని నాగూరు తమిళదేశపు దర్గా. ఆయన ముస్లిం కాడు, ఆ దర్గాను చూసినవాడూ కాడు. డర్బన్‌లో బాద్షా పీర్ దర్గా ఉంది. ఆ పీరు ట్రూరో ఓడలోనే వచ్చాడని చెబుతారు. చిన్నప్పుడు వాళ్ళమ్మ అక్కడికి తీసుకెళ్ళేదని ఆంటీ చెప్పినప్పుడు మా తాత పేరెందుకు నాగూరయ్యో ఆవిడకు నేను విడమరచి చెప్పాల్సిన పని లేకపోయింది.

మొన్న సెలవులకు వెళ్ళినప్పుడు మా ఊరి నుంచి ఒక పలక తెచ్చాను. దాని మీద బలపంతో 'అప్పలస్వామి' అని తెలుగులో రాసి ఆంటీకి ఇచ్చాను. ప వత్తు కింద ఆవిడ వేలు ఆగింది. ఇదేమిటంది. ఇంగ్లీషులో రెండోసారి రాసే అక్షరాన్ని మేం కింద వేలాడదీస్తామన్నాను. దాన్ని తుడవకుండా దేవుడి గదిలో పెట్టుకుంది.

ఇప్పుడు నాకు సెలవు దొరికితే చేసే పని ఒకటే. ఓడ పుస్తకాల నకళ్ళు ముందేసుకుని జిల్లా గడిలో కర్నూలు అన్న మాట వెతుకుతున్నాను. మార్కాపురం, కంభం, గిద్దలూరు 1970 వరకూ కర్నూలు జిల్లాలోనివే కదా. ధాత కరువు 1876లో మొదలై రెండేళ్ళు మా సీమను ఊడ్చింది. నేటాల్‌కు కొంతకాలం ఆగిన ఓడలు 1874 నుంచి మళ్ళీ నడుస్తూ ఉన్నాయి. కరువుకు తాళలేక మద్రాసు దాకా నడిచి ఓడెక్కినవాడు మనలో ఒక్కడైనా ఉండకపోడు. మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళు, ఎప్పుడో దేశాలు పట్టిపోయి తిరిగి రాని ఒక పెదతాత గురించి చెప్పి ఉంటే దయచేసి ఈ పత్రికకు రాయండి. ఆయన పేరు రాయండి. ఆయన తండ్రి పేరు రాయండి, ఊరి పేరు రాయండి, ఒంటి మీద మచ్చ ఏదైనా ఉందని విని ఉంటే అదీ రాయండి. ఒక్క ఇంటిపేరు మాత్రమే రాస్తే నేను వెతకలేను. ఆ పుస్తకాల్లో దానికి గడి లేదు.