ఖనిజభూమిలో పుట్టిన మొక్క

నల్లరేగడిలో ప్రత్తి బాగుగా పండును. ఇసుకపాలు గల నేలలో వేరుసెనగ పండును. చవిటినేలలో ఉప్పును సహింపగల మొక్కలు తప్ప తక్కినవి బ్రదుకవు. ఇది రైతులందరికి తెలిసిన విషయమే. అయితే కొన్ని మొక్కలు ఖనిజములు మిక్కుటముగా నున్న నేలకే అలవాటుపడి, మరెక్కడను సహజముగా పెరుగకుండును. బెల్జియము, జర్మనీల సరిహద్దున యశదము గల నేలలలో పెరుగు పసుపుపచ్చని వయొలెట్ అట్టిది. మొక్కకు ఆధారమైన నేలయే మనుష్యునకు కావలసిన ఖనిజమైనచో ఏమగును? అమెరికాలోని నెవాడా రాష్ట్రమున నలువది ఏండ్లుగా సాగుచున్న ఒక మొక్క చరిత్ర ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది.

మొక్కను కనుగొనుట

నెవాడాలోని ఎస్మెరాల్డా కౌంటీలో సిల్వర్ పీక్ అను కొండల వరుస కలదు. అది వానలు మిక్కిలి తక్కువగా కురియు ప్రదేశము. 1983లో ఆర్నల్డ్ టీమ్ అను వృక్షశాస్త్రజ్ఞుడు అచ్చట ఒక చిన్నమొక్కను సేకరించెను. అది క్రొత్తజాతి యని 1985లో జేమ్స్ రివీల్ ప్రకటించి, కనుగొన్నవాని పేరు నిలుచునట్లు ‘ఎరియోగోనమ్ టీమియై’ అని నామకరణము చేసెను. వాడుకలో దీనిని టీమ్ బక్‌వీట్ అందురు. మన చుక్కకూర చెందిన పాలిగోనేసీ కుటుంబమునకే ఇదియు చెందినది. ఇది బహువార్షికము, నేలనంటి గుబురుగా పెరుగును. ఆకులు నీలము కలిసిన బూడిదరంగున నుండును. వేసవి తొలినాళ్లలో లేతపసుపు పూలగుత్తులు వచ్చును.

ప్రపంచములో ఈ జాతి సహజముగా పెరుగు చోటు ఇదొక్కటే. ఎనిమిది చిన్నగుంపులుగా నున్న ఈ మొక్కలు ఆక్రమించిన నేల అంతయు కలిపి సుమారు 10 ఎకరములు మాత్రమే. సుమారు 60 లక్షల సంవత్సరముల క్రిందట అక్కడ నుండిన సరస్సు అడుగున పేరుకొన్న పొరలనుండి ఆ మన్ను ఏర్పడినది. అందు లిథియము, బోరాన్ హెచ్చుగా కలవు. బోరాన్ మితిమీరినచో సాధారణమైన పైరులకు విషప్రాయము. ఈ మొక్క మాత్రము ఆ మంటిలోనే స్థిరపడినది.

గని ప్రతిపాదన

విద్యుత్ కార్ల బ్యాటరీలకు లిథియము అవసరము. పెట్రోలు వాడుక తగ్గించి భూమి వేడెక్కుటను అరికట్టవలెనన్నచో లిథియము కావలెనని పెక్కురు వాదించుచున్నారు. ఆస్ట్రేలియాకు చెందిన అయొనీర్ కంపెనీ, ఈ మొక్కలున్న రయొలైట్ రిడ్జ్ వద్దనే గని త్రవ్వుటకు ప్రతిపాదించెను. తొలి ప్రణాళిక ప్రకారము మొక్కలలో అధికభాగము త్రవ్వకములో పోవలసియుండెను. 2019లో సెంటర్ ఫర్ బయలాజికల్ డైవర్సిటీ అను సంస్థ ఈ జాతికి చట్టరక్షణ కోరుచు ప్రభుత్వమునకు అర్జీ పెట్టెను.

ఇంతలో 2020లో మరియొక ఆపద కలిగెను. 17,000లకు పైగా మొక్కలు పెకలింపబడియో, దెబ్బతినియో కనిపించెను. ఇది మనుష్యుల పనియా యని అనుమానములు బయలుదేరెను. డి.ఎన్.ఎ. పరీక్షలవలన, ఉడుతవంటి చిన్న జంతువులు వేళ్లను కొరికివేసినట్లు తేలెను. ఒక్కచోటనే యున్న జాతికి ఒక్క ఋతువు ఎంత నష్టము చేయగలదో దీనివలన తెలియుచున్నది.

పది ఎకరములకు తొమ్మిదివందల ఎకరములు

2022 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము ఈ మొక్కను అంతరించిపోవు ప్రమాదమునందున్న జాతిగా ప్రకటించి, 910 ఎకరములను కీలకమైన ఆవాసముగా నిర్ణయించెను. మొక్కలున్నది పది ఎకరములైనప్పుడు ఇంతనేల యెందులకు? పరాగసంపర్కము చేయు తేనెటీగలు, కందిరీగలు, ఈగలు, పెంకుపురుగులు చుట్టుప్రక్కల పొదలలోను, మంటిలోను నివసించును. వాటి సంచారమునకు మొక్కల చుట్టును 500 మీటర్ల నేల విడువవలెనని నిర్ణయించిరి.

కనుక మొక్కను నరుకకున్నను గని హాని చేయగలదు. త్రవ్వకపు దుమ్ము ఆకులపై పేరుకొని పత్రరంధ్రములను మూసివేయును, కిరణజన్యసంయోగక్రియ కుంటుపడును. కలచిన నేలలో పరాయి కలుపుమొక్కలు చొరబడును. వాననీరు పారు దారులు మారును. మొక్కలను వేరొకచోట నాటుటయు సులభము కాదు. ఆ మన్ను వేరొకచోట దొరకవలెను గదా!

కంపెనీ తన ప్రణాళికను మార్చి, మొక్కలున్న గుంపులను త్రవ్వకుండ విడిచిపెట్టుదు ననెను. అయినను కీలక ఆవాసములో సుమారు అయిదవవంతు గని పనులకు లోనగును. 2024 అక్టోబరులో ప్రభుత్వము ఈ ప్రణాళికకు అనుమతి నిచ్చెను. వెంటనే ప్రకృతిరక్షణ సంస్థలు న్యాయస్థానము నాశ్రయించినవి.

ఇందలి పాఠము

ఇక్కడ రెండు పక్షములవారును భూమి మేలునే కోరుచున్నామని చెప్పుచున్నారు. లిథియము ఇతర దేశములందును దొరకును. ఈ మొక్క దొరకదు. గని వలన కలుగు నష్టమును లెక్కించునపుడు నరికిన చెట్ల సంఖ్య ఒక్కటే చాలదు; నేల, కీటకములు, గాలి, నీరు అన్నియు లెక్కలోనికి రావలెను.

మరియొక విషయము. 1985లో ఈ మొక్కకు పేరు పెట్టియుండనిచో, 2019లో అర్జీ వ్రాయుటకు పేరే ఉండెడిది కాదు. గని రాకపూర్వమే ఒకరు కొండలు తిరిగి మొక్కలు సేకరించుటచేతనే ఈ చర్చ సాధ్యమైనది. మన ఎర్రచందనమును తూర్పుకనుమల దక్షిణభాగమునకే పరిమితమైన వృక్షము. ఉపాధ్యాయులు విద్యార్థులను వెంటబెట్టుకొని తమ ఊరి కొండమీద ఏ నేలలో ఏ మొక్క మొలచుచున్నదో వ్రాసి యుంచినచో, ఆ జాబితా ఒకనాడు అక్కరకు రాగలదు.