బంక, గుగ్గిలం, ఇంగువ: వృక్ష నిర్యాసాల పేర్లలో వర్తక చరిత్ర

1. ఉపోద్ఘాతం

చెట్టు గాటు నుండి స్రవించి గడ్డకట్టే ద్రవ్యాన్ని సంస్కృతం నిర్యాసమని పిలిచింది. తెలుగు వ్యవహారం దానిని వాడుకను బట్టి విభజించింది. నీటిలో కరిగేది లేదా ఉబ్బేది బంక, జిగురు. నిప్పుపై పరిమళించేది గుగ్గిలం, సాంబ్రాణి. రెండో రకం నీటిలో కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. రసాయనశాస్త్రం పాటించే విభజన కూడా దాదాపు ఇదే. ఈ పేర్ల నిర్మాణం ఆయా ద్రవ్యాల సేకరణ, వర్తక చరిత్రలను కూడా సూచిస్తుంది.

2. దేశీయ నామాలు

తుమ్మబంక, వేపబంక, చిరుమానుబంక, తపసిబంక వంటి సమాసాలలో పూర్వపదం చెట్టును తెలుపుతుంది. సేకరించినవారికి, వాడినవారికి ఆ చెట్టు ప్రత్యక్షంగా తెలుసు.

3. వర్తక నామాలు

దూరదేశాల సరకుల విషయం వేరు. గణపతిదేవుని మోటుపల్లి శాసనం (1244) సుంకం విధించిన సరకులలో కర్పూరం ఒకటి. ఇంగువ సంస్కృత 'హింగు' నుండి వచ్చింది. ఆ ద్రవ్యం ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల ఫెరులా మొక్కల వేరు నుండి లభిస్తుంది. మొక్కను చూడని సమాజానికి సరకు పేరే మిగిలింది. తరువాత ఆ పేరే స్థానిక ద్రవ్యానికి కొలమానమైంది: అడవి బిక్కి చెట్టు జిగురు 'చిట్టింగువ' అయింది.

గుగ్గిలం చరిత్ర మరింత క్లిష్టమైనది. సంస్కృత 'గుగ్గులు' రాజస్థాన్, గుజరాత్ మెట్టభూముల ముళ్లపొద నుండి వచ్చే ద్రవ్యం. క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం 'పెరిప్లస్' భరుకచ్ఛ ఎగుమతులలో చెప్పిన బ్డెల్లియం ఇదేనని పండితులు గుర్తించారు. తెలుగులో గుగ్గిలం సాలవృక్షపు నిర్యాసానికీ పేరైంది. అసలు గుగ్గులును వేరుచేయడానికి 'మహిషాక్షి' అనే మాట నిలిచింది.

4. పర్యవసానం

కాబట్టి ప్రాచీన వైద్య, పూజావిధాన గ్రంథాలలోని గుగ్గిలాన్ని ఒకే చెట్టుకు ముడిపెట్టడం ప్రమాదకరం. మందు విషయంలో ఈ పొరపాటు ద్రవ్యాన్నే మార్చివేస్తుంది.

ఆధునిక కాలంలో దేశీయ నామాలకూ ఇటువంటి స్థితి ఏర్పడింది. నల్లమల చెంచులు సేకరించే తపసిబంకను 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేస్తుంది. విరేచనకారి మందులలోనూ కట్టుడుపళ్ల జిగురులోనూ ఉపయోగపడే ఆ సరకు అంతర్జాతీయ విపణిలో 'గమ్ కరాయ'. ఆ పేరులో తపసి చెట్టూ లేదు, సేకర్తల భాషా లేదు.

5. ముగింపు

నిర్యాసం పేరు ఒక వస్తువును మాత్రమే కాక, దానిని ఎవరు చూశారో, ఎవరు అమ్మారో కూడా చెబుతుంది. నిఘంటువులు ద్రవ్యాన్ని, వృక్షాన్ని, వ్యవహార ప్రాంతాన్ని విడివిడిగా నమోదు చేసినప్పుడే ఈ చరిత్ర పరిశోధకులకు అందుతుంది.