తోయివో క్యార్కి: కర్త యొకఁడు, నామములు పెక్కు

కృతినిఁ జూచి కర్తను నిర్ణయించుట చరిత్రకారుని ప్రథమధర్మము. కృతిపైఁ బేరు లిఖింపఁబడియున్నచో నీ పని సుకరమని తోఁచును. ఆ పేరే తెరయైనచో నెంతయు దుష్కర మగును. ఇందులకు నిదర్శనముగా ఫిన్లండు దేశపు సంగీతకర్తయు వాణిజ్యదక్షుఁడును నగు తోయివో క్యార్కి చరిత్రమును పండితులకు విన్నవించుచున్నాను.

ఈతఁడు 1915వ సంవత్సరము డిసెంబరు 3వ తేదీని పిర్కలాలో జన్మించెను. తండ్రి క్రైస్తవమతాచార్యుఁడు. అమెరికాలోని నల్లజాతివారివలనఁ బుట్టిన జాజ్ సంగీతము ఆ దినములలో యూరపుఖండమున వ్యాపించుచుండెను. 1926లో 'ఆండానియా' యను నోడలో వచ్చిన అమెరికావాసులగు ఫిన్ను వాద్యకారులు హెల్సింకి నగరమున దానిని వినిపించిరి. క్యార్కి యౌవనమున నా సంగీతమునే సాధించి, పియానోవాదనమునఁ బేరొంది, 1939లో నొక యాంగ్లసంగీతపత్రిక నడపిన స్వరరచనాస్పర్ధయందు 'థింగ్స్ హాపెన్ దట్ వే' యను కృతికి బహుమానము వడసెను.

ఆ సంవత్సరము నవంబరు 30వ తేదీననే సోవియటు సేనలు ఫిన్లండుపై దండెత్తెను. క్యార్కి ఫిరంగిదళమున నధికారియై పోరాడెను. యుద్ధకాలమున దేశమునందు బహిరంగనృత్యములు నిషేధింపఁబడెను. యుద్ధానంతరమున నింటికి మరలిన జనులు విషాదచ్ఛాయ గల మందగతి పాటలను గోరిరి. హెన్రీ తేల్ అను గాయకుఁడు 1945లోఁ బాడిన 'లిల్యన్‌కుక్క' యను క్యార్కి టాంగో మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. ఫిన్ను భాషలోఁ 'గుక్క' యనఁగాఁ బువ్వు. శబ్దసామ్యమును నమ్మి యర్థము చెప్పరాదనుట కిదియు నొక యుదాహరణము.

పిమ్మట రెయినో హెలిస్మా (1913–1965) యను గేయకర్తతోఁ గూడి హాస్యగీతములకు స్వరము లొసఁగెను. వీరి కూటమిచే 1951లో వెలువడిన 'రోవానియెమెన్ మార్కినోయిల్లా' యను చలనచిత్రమునుండి 'రిల్లుమరెయి' యను పల్లవిశబ్దము ప్రసిద్ధమయ్యెను. వ్యుత్పత్తి లేని యా నిరర్థకశబ్దమే రూఢిచే నొక హాస్యసంప్రదాయమునకుఁ బేరై నిలిచెను. విమర్శకులు దానిని గ్రామ్యమని నిందించిరి. జనులు ప్రదర్శనశాలలను నింపిరి. క్యార్కి ఫాజెర్ సంగీతవర్తకసంస్థయం దుద్యోగియై గ్రామఫోను ఫలకముల యుత్పత్తిని నడపెను. ఏ పాట యేకంఠమునఁ జెల్లునో నిర్ణయించుటయు నాతని పనియే.

ఒక్క పేరే యన్ని ఫలకములపైఁ గన్పట్టినచో విపణికి మేలు గాదు. విదేశనామముపై జనులకు మోజు హెచ్చు. కావున నాతఁడు పెక్కు మాఱుపేళ్లు దాల్చెను. వానిలో 'పేద్రో దె పుంతా' విచారణార్హము. ఫిన్ను భాషలోఁ 'క్యార్కి' యనఁగా మొన. స్పానిషు భాషలోఁ 'పుంతా' యన్నను మొనయే. కాఁబట్టి యిది పర్యాయపదమే కాని పురుషాంతరము గాదు. 'ఓర్వొక్కి ఇత్యా' యనునది స్త్రీనామము, 'డబ్ల్యూ. స్టోన్' ఆంగ్లనామము.

ఇట నొక పూర్వపక్షము: ఇది వర్తకుని చమత్కారము; కళాచరిత్రమున దీనితోఁ బని యేమి? సమాధానము: పని గలదు. పేరును మాత్రమే నమ్మినవాఁడు 'పేద్రో దె పుంతా' కృతిని స్పానిషు దేశమునుండి దిగుమతి యైనదిగా లెక్కించును. అంతట స్వదేశజమైన గీతము పరదేశీయమై, ఫిన్లండు టాంగో చరిత్రమే తాఱుమా ఱగును. ఇఁక నాంగ్లబహుమానము నందినవాఁడును, రిల్లుమరెయి కర్తయు వేర్వేఱు మనుష్యులవలె నెంచినచో, జాజ్ శిక్షణమున నలవడిన చెయ్యియే జనసామాన్యగీతములను దీర్చినదను ముఖ్యాంశము మఱుగుపడును. స్తుతి గాని నింద గాని కర్తృనిర్ణయమునకుఁ దరువాతిది.

క్యార్కి 1992వ సంవత్సరము ఏప్రిలు 30వ తేదీని హెల్సింకిలో మరణించెను. ఆతని కృతులు దాదాపు 1,400. లిఖితనామము సాక్షి మాత్రమే. సాక్షిని బరీక్షింపక తీర్పు చెప్పుట న్యాయము గాదు. సంపుటము లన్నియు నొక్క కర్తక్రింద సమకూర్చినప్పుడే యాతని ప్రతిభకుఁ దగిన తూనిక దొరకునని నా తాత్పర్యము.