నాకింగ్‌కు విరుగుడు: సీసమా, నీళ్లా?

1910లలో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ మీద ఒక నింద ఉండేది. కార్లకు సెల్ఫ్ స్టార్టర్ ఇచ్చినవాడు ఆయనే. దాంతోపాటు వచ్చిన బ్యాటరీ ఇగ్నిషన్ వల్లే ఇంజన్లలో నాకింగ్, అంటే లోపలి నుంచి వచ్చే ఠకఠక చప్పుడు, పెరిగిందని పోటీదారులు అనేవారు. ఆ చప్పుడు అసలెక్కడ పుడుతోందో తేల్చమని 1916లో ఒహాయోలోని డేటన్‌లో థామస్ మిడ్జ్‌లీ అనే కుర్ర ఇంజనీరుకు ఆయన పని అప్పగించాడు.

ఇంధనం సరిగ్గా ఆవిరి కాకపోవడమే కారణమని ఇద్దరూ అనుకున్నారు. ఎర్రాకుల మొక్క ఒకటి మంచు కరగకముందే పూస్తుంది. ఎరుపు వేడిని త్వరగా పీల్చుకుంటుంది కాబోలు, ఇంధనానికీ ఎర్ర రంగు వేస్తే? నూనెలో కరిగే రంగు ఆ రోజు చేతికందలేదు, అయొడిన్ దొరికింది. అది కలిపితే నాకింగ్ ఆగిపోయింది! తర్వాత అసలైన ఎర్ర రంగులు తెప్పించి కలిపి చూస్తే ఒక్కటీ పనిచెయ్యలేదు. పనిచేసింది రంగు కాదు, అయొడిన్ రసాయనం. ఇంజన్ల టెస్టింగ్‌లోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఈ ఒక్క ప్రయోగం గురించి ఎన్నిసార్లు చదివినా నాకు విసుగు రాదు.

అసలు సంగతిని ఇంగ్లండులో హ్యారీ రికార్డో తేటగా చూపించాడు. ప్లగ్గు దగ్గర మొదలైన మంట సిలిండరంతా పాకాలి. ముందున్న మిశ్రమం మండి వ్యాకోచిస్తూ మూలనున్న చివరి వాయువును నొక్కుతుంది. నొక్కిన కొద్దీ అది వేడెక్కుతుంది. మంట చేరేలోపే ఆ వేడి హద్దు దాటితే అదంతా ఒక్కసారిగా దానంతటదే అంటుకుంటుంది. అప్పుడు పుట్టిన పీడన తరంగం సిలిండర్ గోడలను కొట్టిన చప్పుడే మనకు వినిపించేది. అది వదలకుండా సాగితే పిస్టన్ అంచులు తింటుంది, రింగుల మధ్య గట్లు విరుగుతాయి.

అందుకే గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే సూపర్‌చార్జర్ ఉన్న బండికి ఎండాకాలం గడ్డుకాలం. నాది పల్నాడు, రెంటచింతల ఎండ ఒంటికి తెలిసినవాణ్ణి. ఆ ఎండను అంకెల్లో చెబుతాను. చదరపు అంగుళానికి 8 పౌండ్ల బూస్ట్, అంటే అదనపు పీడనం, ఇచ్చే సూపర్‌చార్జర్ సామర్థ్యం 65 శాతం అనుకుందాం. 25 డిగ్రీల గాలి లోపలికి పోతే సుమారు 85 డిగ్రీలై బయటికొస్తుంది. 45 డిగ్రీల గాలైతే 109కి చేరుతుంది. సిలిండర్లో ఆ గాలి పదో వంతుకు నలిగేసరికి ఈ 24 డిగ్రీల తేడా కాస్తా రెట్టింపు దాటుతుంది. పొద్దున చల్లని వేళ ట్యూన్ చేసిన బండి మధ్యాహ్నం నాకింగ్ ఇవ్వడంలో వింతేమీ లేదు.

దీనికి విరుగుడు రెండు దారుల్లో వెతికారు. ఇంధనం స్వభావాన్ని మార్చడం ఒకటి, వేడిని తీసెయ్యడం ఇంకొకటి.

మిడ్జ్‌లీ పట్టుకున్నది మొదటి దారి. అయొడిన్ ఖరీదెక్కువ, పైగా లోహాన్ని తినేస్తుంది. అనిలిన్, సెలీనియం, టెలూరియం, ఇలా ఒక్కొక్కటీ పరీక్షిస్తూ పోయి 1921 డిసెంబరు 9న టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు సమ్మేళనం దగ్గర ఆగాడు. చిటికెడు సీసంతో నాకింగ్ మాయం. 1923 ఫిబ్రవరిలో డేటన్‌లోని ఒక బంకులో అమ్మకం మొదలైంది. సీసం విషమని అప్పటికి ఎవరికీ తెలియదనుకుంటే పొరపాటు. ఆ ఏడాది మిడ్జ్‌లీయే సీసం ఒంటికెక్కి జబ్బుపడ్డాడు. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో మతి చలించి అయిదుగురు కార్మికులు చనిపోయారు. ఆ నెలాఖరున విలేకరుల ముందు మిడ్జ్‌లీ ఆ టెట్రాఇథైల్ లెడ్ ద్రవంతోనే చేతులు కడుక్కుని, దాని వాసన పీల్చి, భయం లేదన్నాడు. సీసం వద్దని 1925లో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ గట్టిగా వాదించింది. ఆల్కహాల్ కలిపినా నాకింగ్ ఆగుతుందని మిడ్జ్‌లీకీ కెటరింగ్‌కీ ముందే తెలుసు. తెలిసీ సీసాన్నే ఎంచుకున్నారు. చవక, పైగా పేటెంటు వాళ్లది. ఆ సీసం మన దేశపు పెట్రోలులోంచి పోయింది 2000లో. బంకుల్లో అమ్మిన చివరి దేశం అల్జీరియా 2021లో ఆపింది. మధ్యలో రోడ్ల పక్కన పెరిగిన పిల్లలందరూ ఆ గాలే పీల్చారు. నాతో సహా ఈ వృత్తిలో ఉన్న ప్రతివాడూ ఈ చరిత్రను చదివి గుర్తుంచుకోవాలని నా పట్టుదల.

ఇంధనం దారిలో జరిగిన మేలునూ కాదనలేను. 1926లో గ్రాహం ఎడ్గర్ ఐసో-ఆక్టేన్‌కు 100, హెప్టేన్‌కు 0 పెట్టి, ఇంధనం నాకింగ్‌ను ఎంత తట్టుకుంటుందో చెప్పే ఆక్టేన్ కొలబద్ద తయారు చేశాడు. 1940లో 100 ఆక్టేన్ పెట్రోలు చేరాకే స్పిట్‌ఫైర్ విమానాల మెర్లిన్ ఇంజన్లు బూస్ట్‌ను ఆరుంబావు పౌండ్ల నుంచి 12కు పెంచగలిగాయి. అందులోనూ సీసం ఉంది.

రెండో దారి ఇంకా పాతది. కేంబ్రిడ్జిలో రికార్డోకు పాఠాలు చెప్పిన బెర్ట్రామ్ హాప్‌కిన్‌సన్, 1913 నాటికే ఇంజన్ సిలిండర్లోకి నీళ్లు చిమ్మి చల్లబరిచే పద్ధతి ప్రకటించాడు. నీరు ఆవిరి కావడానికి పెట్రోలు కన్నా ఆరు రెట్ల పైగా వేడిని లాగుతుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ ఉపాయమే విమానాల్లోకెక్కింది. జర్మన్లు నీళ్లు, మెథనాల్ సగంసగం కలిపి వాడారు. అమెరికా పి-47 థండర్‌బోల్ట్‌లోనూ నీటి ఇంజెక్షన్ ఉండేది. రోల్స్ రాయిస్ వాళ్లు పెట్రోలును సూపర్‌చార్జర్‌కు ముందే కలిపేవారు. అది ఆవిరవుతూ గాలిని చల్లబరిచేది. తర్వాత రెండంచెల మెర్లిన్‌కు, నొక్కిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కూడా జోడించారు.

కార్లలో నా మనసుకు దగ్గరైనది 1962 ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్. మూడున్నర లీటర్ల వి8, టర్బో, కంప్రెషన్ 10.25. ఆ రోజులకది దుస్సాహసమే. నాకింగ్ రాకుండా బూస్ట్‌లో ఉన్నప్పుడు నీళ్లు, మెథనాల్ కలిపిన ద్రవాన్ని చిమ్మేవారు. దానికి వేరే ట్యాంకు. అది ఖాళీ అయితే బూస్ట్ దానంతటదే తగ్గే ఏర్పాటూ పెట్టారు. అయితే జనం ట్యాంకు నింపడం మానేశారు. శక్తి తగ్గిందని ఫిర్యాదులొచ్చాయి. 1963తో ఆ కారు ఆగింది. చాలా బండ్లకు టర్బో పీకేసి మామూలు కార్బొరేటర్ బిగించారు. తప్పు ఇంజన్‌ది కాదంటాను నేను.

1978లో బ్యూక్ టర్బో వి6కు నాక్ సెన్సర్ వచ్చింది. చప్పుడు పసిగట్టి ఇగ్నిషన్ టైమింగ్‌ను వెనక్కి లాగేది. కొన్నేళ్లకు సాబ్ వాళ్లు సెన్సర్ చెప్పగానే బూస్ట్‌నే తగ్గించే పద్ధతి తెచ్చారు.

ఫీనిక్స్‌లో ఉండే మా మేనల్లుడు తన ముస్టాంగ్‌కు సూపర్‌చార్జర్ బిగించుకున్నాడు. అక్కడి బంకుల్లో ప్రీమియం 91 ఆక్టేన్. జూన్‌లో ఎండ 45 దాటుతుంది. "మామయ్యా, ఆక్టేన్ బూస్టర్ సీసా ఒకటి పోస్తే చాలదా?" అన్నాడు. చాలదన్నాను. ముందు ఇంటర్‌కూలర్‌కు పెద్ద రేడియేటర్, బలమైన పంపు పెట్టమన్నాను. లోపలికొచ్చే గాలి 50 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచి మెట్లు మెట్లుగా టైమింగ్ తగ్గించే పట్టిక రాయించాం. బండితో వచ్చిన ప్లగ్గులు తీసి ఒక అంకె చల్లటివి వేయించాం. ఇథనాల్ ఎక్కువున్న ఇ85 దొరికే బంకు దగ్గర్లో ఉంటే, దానికి తగిన ఇంజెక్టర్లు, ట్యూనింగ్‌తో అదీ మంచిదే అన్నాను. ఆ బంకు వాడి ఇంటికి దూరం.

అందుకని వాడు నీళ్లు, మెథనాల్ కిట్ కొన్నాడు. నేను పెట్టిన షరతు ఒక్కటే. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్, పైపులో ప్రవాహం కొలిచే సెన్సర్ ఉండాలి. ఏది తగ్గినా ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) వెంటనే బూస్ట్‌నూ టైమింగ్‌నూ దించాలి. నాజిల్ మూసుకుపోయినా ఇంజన్‌కు తెలియాలి. అవి బిగించి, కావాలని ట్యాంకు ఖాళీ పెట్టి, బూస్ట్ పడిపోతోందని లాగ్‌లో చూసుకున్నాకే వాణ్ణి మధ్యాహ్నం ఎండలో రోడ్డెక్కనిచ్చాను.